ఒక్క కూత విలువ

2007 మే నెలలో ఒక ఉదయం మా ఇంటి కంప్యూటరు నిద్ర లేవలేదు. ముందు రోజు రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మీట నొక్కగానే లోపల ఫ్యాను తిరిగింది, పెట్టె ముందున్న ఆకుపచ్చ దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మా నాన్నగారు పోవడానికి ముందు రెండేళ్ళపాటు చెబుతూ ఉంటే నేను టైపు చేసుకున్న మా ఊరి సంగతులు, దాదాపు నూటనలభై పేజీలు, ఆ పెట్టెలోనే ఉన్నాయి. మరోచోట నకలు లేదు. ఎందుకు లేదని అడగకండి. మీలో చాలామంది కూడా ఆ రోజుల్లో నాలాంటివారే అయి ఉంటారు.

బాగుచేసే కుర్రాడిని పిలిపించాను. అతను రెండుసార్లు మీట నొక్కి చూసి, "బోర్డు పోయిందండీ, కొత్తది తీసుకోవడమే మంచిది. ఈ పాత పెట్టె ఇచ్చేస్తే పదిహేను వందలు తగ్గిస్తాను" అన్నాడు. నేను సరేననబోయాను. ఆ "సరే" నా నోటి దాకా వచ్చి ఎందుకు ఆగిందో చివర్లో చెబుతాను. దానికి ముందు ఒక చరిత్ర చెప్పుకోవాలి. కంప్యూటరు లేవకపోతే ఎందుకు లేవలేదో తెలుసుకునే విద్యకు కూడా ఒక చరిత్ర ఉంది. అది తెలిసి ఉంటే ఆ ఉదయం నేనంత బెంబేలు పడి ఉండేవాణ్ణి కాను.

నిప్పు పుట్టించడం

కంప్యూటరు మొదలు కావడంలో ఒక చిక్కుముడి ఉంది. అది ఏ పని చెయ్యాలన్నా జ్ఞాపకంలో ఆదేశాలు ఉండాలి. ఆ ఆదేశాలను డిస్కు నుంచి జ్ఞాపకంలోకి తెచ్చుకోవాలంటే, తెచ్చుకోవడం ఎలాగో చెప్పే ఆదేశాలు ముందే జ్ఞాపకంలో ఉండాలి. అగ్గిపెట్టెలు లేని కాలంలో పొయ్యి రాజేయాలంటే పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకోవలసి వచ్చేది. మరి ఊళ్ళో మొదటి పొయ్యి ఎలా వెలిగింది? ఇదీ అలాంటి ప్రశ్నే. తన బూట్ల వెనకనున్న పట్టీలు పట్టుకొని తనను తానే పైకి లాక్కోవడం అనే ఇంగ్లీషు ఛలోక్తి నుంచి ఈ పనికి "బూట్‌స్ట్రాప్" అన్న పేరు వచ్చింది. కాలక్రమాన అది "బూట్" అయింది.

1952లో ఐబీఎం ప్రకటించిన 701 యంత్రానికి ఇందుకోసమే "లోడ్" అనే మీట ఉండేది. అది నొక్కితే కార్డుల నుంచో టేపు నుంచో మొట్టమొదటి ఆదేశాలు లోపలికి వచ్చేవి. ఆ ఆదేశాలు తమ తర్వాతి వాటిని తెచ్చుకునేవి. అవి మరికొన్నింటిని తెచ్చేవి.

ఇళ్ళలోకి వచ్చిన తొలి కంప్యూటర్లకు ఆ మాత్రం సదుపాయం కూడా లేదు. 1975 జనవరి పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రం మీద కనబడిన ఆల్టెయిర్ 8800కు తెర లేదు, కీబోర్డు లేదు. ముందువైపు వరుసగా మీటలు, వాటి పైన ఎర్ర దీపాలు, అంతే. కరెంటు వచ్చినప్పుడల్లా యజమాని ఆ మీటలను పైకీ కిందికీ వేస్తూ, మొదటి ఆదేశాలను ఒక్కొక్క బైటు చొప్పున తన చేత్తోనే ఎక్కించాలి. ఒక్క మీట తప్పు పడితే మళ్ళీ మొదటికే.

ఈ యంత్రం విషయంలోనే ప్రసిద్ధమైన కథ ఒకటి ఉంది. అదే సంవత్సరం వసంతంలో పాల్ అలెన్, తానూ బిల్ గేట్స్ కలిసి వ్రాసిన బేసిక్‌ను చూపించడానికి న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీకి విమానంలో బయలుదేరాడు. అంతవరకూ వాళ్ళు నిజమైన ఆల్టెయిర్‌ను తాకి ఎరుగరు. విమానం దిగబోతుండగా అతనికి ఒక సంగతి తట్టింది. బేసిక్ అంతా కాగితపు టేపు మీద ఉంది గాని, ఆ టేపును యంత్రంలోకి ఎక్కించే బూట్‌స్ట్రాప్ వ్రాయనే లేదు! అక్కడికక్కడే కాగితం తీసి వ్రాశాడు. మర్నాడు దాన్ని మీటలతో చేత్తో ఎక్కించాడు. యంత్రం లేచి, ఎంత జ్ఞాపకం ఉందని అడిగింది. తర్వాత రెండూ రెండూ కూడి నాలుగని అచ్చువేసింది. మైక్రోసాఫ్ట్ అనే సంస్థ పుట్టుక వెనక ఇలా కొద్ది వరుసల బూట్‌స్ట్రాప్ ఉంది.

ఆ కాలపు కష్టంలో ఒక సుఖం కూడా ఉంది. యంత్రం లేవకపోతే ఎక్కడ ఆగిందో ఎర్ర దీపాలు చూపించేవి. దాని లోపల జరుగుతున్నది యజమానికి తెలియకుండా ఉండే అవకాశమే లేదు.

తన నాడి తానే చూసుకునే యంత్రం

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందం దాన్ని తయారు చేసింది. దీని యజమాని ఇంజనీరు కాడు, గుమాస్తానో గృహస్థో. మీటలు వేసి దీపాలు చదవమని అతన్ని అడగలేరు. కాబట్టి ఆ పని యంత్రానికే నేర్పారు. చెరిగిపోని చిప్పులో, అంటే రామ్‌లో కాదు, రోమ్‌లో, ఒక ప్రోగ్రాము పెట్టారు. ఆ భాగాన్ని బయాస్ అన్నారు. ఆ పేరును అంతకుముందే గారీ కిల్డాల్ తన సీపీ/ఎం వ్యవస్థలో వాడాడు. పీసీ బయాస్‌ను వ్రాసినవారిలో ముఖ్యుడు డేవిడ్ బ్రాడ్లీ. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలూ ఒక్కసారి నొక్కి యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టే ఏర్పాటు కూడా ఆయనదే.

ఇంటెల్ 8088 ప్రాసెసరుకు విద్యుత్తు అందగానే అది చూసే చోటు ఒక్కటే. దానికి అందుబాటులో ఉన్న పది లక్షల పైచిలుకు గదుల్లో చివరి నుంచి పదహారు గదుల ఇవతల. అక్కడ "ఫలానా చోటికి వెళ్ళు" అన్న ఒక్క ఆదేశం ఉంటుంది. అక్కడి నుంచి యంత్రం తనను తాను పరీక్షించుకోవడం మొదలుపెడుతుంది. దీనికే పోస్ట్ అని పేరు.

ఈ పరీక్షలో నన్ను ఆకట్టుకున్నది దాని క్రమం. యంత్రం మొదట ప్రాసెసరు తన లెక్క తాను సరిగా చేస్తోందో లేదో చూస్తుంది. తర్వాత బయాస్ చిప్పులోని అంకెలన్నీ కూడి మొత్తం సరిపోయిందా అని చూస్తుంది, అంటే తాను చదువుతున్న పుస్తకంలో అక్షరాలు చెరిగిపోలేదు కదా అని. తర్వాత గడియారపు చిప్పు, ఆ తర్వాత మొదటి పదహారు కిలోబైట్ల జ్ఞాపకం. ఆ జ్ఞాపకం బాగున్నదని తేలేదాకా యంత్రం దేన్నీ అందులో గుర్తు పెట్టుకోదు. మామూలుగా ప్రోగ్రాము మధ్యలో ఒక చిన్న పనికి పక్కకు వెళితే, ఎక్కడికి తిరిగి రావాలో జ్ఞాపకంలో వ్రాసుకుంటుంది. ఇక్కడ అదీ కుదరదు. వ్రాసుకునే పలక పగిలి ఉందేమో ఇంకా తెలియదు కదా. అందుకని తిరిగి రావలసిన చోట్లు కూడా ముందే రోమ్‌లో వ్రాసి పెట్టారు. పరీక్షించనిదాన్ని నమ్మకూడదు, పరీక్షించినదాని మీద మాత్రమే తర్వాతి అడుగు వెయ్యాలి. ఇంత నిష్ఠగా ఆలోచించి వ్రాసిన ప్రోగ్రాము అది.

మరి తెర ఇంకా వెలగకముందే లోపం కనబడితే ఎవరితో చెప్పుకోవాలి? అందుకే పీసీలో ఒక చిన్న స్పీకరు పెట్టారు. అంతా బాగుంటే ఒక్క పొట్టి కూత. ఒక పొడుగు, ఒక పొట్టి కూత వినబడితే మదర్‌బోర్డులో లోపం. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలైతే తెరను నడిపే కార్డులో లోపం. తెర వెలిగాక ఇక అంకెలే మాట్లాడతాయి. 201 అంటే జ్ఞాపకం, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ డ్రైవు. పరీక్షలన్నీ గట్టెక్కితే డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి, పగ్గాలు వాటికి అప్పగిస్తుంది. డిస్కు లేకపోయినా మొదటి పీసీ అలిగి కూర్చోదు, రోమ్‌లోనే ఉన్న బేసిక్‌ను తెరిచి ఇస్తుంది.

ఐబీఎం మరో మంచి పని కూడా చేసింది. ఈ బయాస్ ప్రోగ్రామును వ్యాఖ్యలతో సహా తన సాంకేతిక గ్రంథంలో అచ్చువేసింది. మూలుగుతున్న యంత్రం ఏమంటోందో కావాలనుకున్నవారు పుస్తకం తెరిచి చూసుకోవచ్చు.

పెరిగిన మాండలికాలు

అచ్చువేసిన ప్రోగ్రామును చదవవచ్చు గాని నకలు తీస్తే నేరం. అందుకని 1982లో కాంపాక్, 1984లో ఫీనిక్స్ ఒక ఉపాయం చేశాయి. ఒక బృందం ఐబీఎం బయాస్ ఏం చేస్తుందో మాత్రమే వివరంగా వ్రాసింది. అసలు ప్రోగ్రామును కంటితో చూడని మరో బృందం ఆ వివరణను బట్టి కొత్తది వ్రాసింది. పీసీ ప్రపంచమంతా వ్యాపించడానికి, మన ఊళ్ళలో విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చే అసెంబుల్డ్ కంప్యూటర్లు రావడానికి ఇదే దారి తీసింది.

అయితే కూతల భాష ఒకటిగా మిగలలేదు. తర్వాత వచ్చిన అవార్డు, ఏఎంఐ వంటి బయాసులు ఎవరి మాండలికం వాళ్ళు పెట్టుకున్నాయి. ఒకరి వద్ద ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు అంటే తెర కార్డు. మరొకరి వద్ద ఎనిమిది పొట్టి కూతలకు దాదాపు అదే అర్థం. ఫీనిక్సు వారివి మధ్య మధ్య విరామాలతో వచ్చే గుంపులు. మదర్‌బోర్డుతో పాటు వచ్చే చిన్న పుస్తకంలో వీటి అర్థాలు ఉండేవి. అసెంబుల్ చేసి ఇచ్చేవారి దగ్గరే ఆ పుస్తకం ఉండిపోవడం మన ఆనవాయితీ.

1984 నాటి ఐబీఎం ఏటీలో మరో రెండు సంగతులు వచ్చాయి. ఒకటి, యంత్రం ఆపినా గడియారాన్ని నడిపే బ్యాటరీ. నేటికీ మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో అది కనబడుతుంది. అది నీరసిస్తే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. రెండు, పరీక్షలో ఒక్కొక్క మెట్టుకూ ఒక సంఖ్యను 80 అనే పేరుగల ద్వారం గుండా బయటకు పంపడం. ఆ సంఖ్యను చూపించే చిన్న కార్డు ఉంటే, యంత్రం ఏ మెట్టు మీద ఆగిందో రెండంకెల్లో తెలిసిపోతుంది.

మీట మీట కాకుండా పోవడం

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతిని తెచ్చింది. అంతకుముందు పెట్టె మీది మీట నిజంగానే కరెంటును కలిపేది, తెంపేది. ఏటీఎక్స్‌లో అది కేవలం ఒక మనవి. గోడ ప్లగ్గు వేసి ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ నుంచి ఐదు వోల్టుల సన్నని ధార మదర్‌బోర్డుకు అందుతూనే ఉంటుంది, నివురుగప్పిన నిప్పులా. మనం మీట నొక్కితే మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగ ద్వారా ఎస్ఎంపీఎస్‌ను లేపుతుంది. ఎస్ఎంపీఎస్ తన వోల్టేజీలన్నీ కుదుటపడ్డాక, సెకనులో పదో వంతు నుంచి సగం లోపు, బూడిదరంగు తీగ మీద "విద్యుత్తు బాగుంది" అని కబురు పంపుతుంది. ఆ కబురు అందేదాకా ప్రాసెసరును నిద్రలోనే ఉంచుతారు.

నా బోటివాళ్ళకు ఇక్కడే మోసం జరుగుతుంది. ఫ్యాను తిరిగింది కాబట్టి కరెంటు బాగానే ఉందనుకుంటాం. ఫ్యానుకు పన్నెండు వోల్టులు చాలు. మిగిలిన వోల్టేజీల్లో ఒకటి కుంటుబడినా ఆ కబురు రాదు, ప్రాసెసరు లేవదు, కూత కూడా వినబడదు.

రెండు వ్యాధులు

1999 ఏప్రిల్ 26 సోమవారం ఉదయం ఆసియా దేశాల్లో ఎన్నో కంప్యూటర్లు లేవలేదు. మన దేశంలోనూ అంతే. తైవానుకు చెందిన చెన్ ఇంగ్‌హౌ అనే విద్యార్థి 1998లో వ్రాసిన సీఐహెచ్ వైరసు పని అది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీనే విజృంభించింది కాబట్టి దాన్ని ఆ పేరుతోనూ పిలిచారు. అది హార్డ్ డిస్కు మొదట్లో ఒక మెగాబైటు మేర సున్నాలు నింపేది. దానితో ఆగక కొన్ని రకాల మదర్‌బోర్డుల్లో బయాస్‌ను కూడా చెరిపేసేది. 1981లో చెరిగిపోని చిప్పులో పెట్టిన ప్రోగ్రాము, 1990ల నాటికి సులువుగా మార్చుకునేందుకు వీలుగా తిరిగి వ్రాయదగిన చిప్పులోకి మారింది. ఆ వీలే ముప్పైంది. బయాస్ చెరిగిన యంత్రం కూత కూడా కూయలేదు. కూయడం ఎలాగో చెప్పేది ఆ చిప్పే కదా.

రెండో వ్యాధి మెల్లగా వచ్చింది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో తయారైన ఎన్నో మదర్‌బోర్డుల మీది కెపాసిటర్లు ఉబ్బి, కారి, పాడయ్యాయి. వాటిలోని ద్రావణానికి అల్యూమినియాన్ని కాపాడే గుణం చాలకపోవడంతో హైడ్రోజన్ వాయువు పుట్టి తల ఉబ్బేది. ఈ జబ్బును కంటితోనే పోల్చుకోవచ్చు. బోర్డు మీద నిలబడ్డ చిన్న డబ్బాల తలలు చదునుగా ఉన్నాయా, పూరీల్లా పొంగాయా చూస్తే చాలు.

మౌనం

ఆ తర్వాత కథ మౌనం వైపు నడిచింది. ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టెల్లో స్పీకరు బిగించడం మానేశారు. పరీక్ష వివరాలు కనబడే నల్ల తెర మీద కంపెనీ బొమ్మ అతికించారు. 2005లో ఏర్పడ్డ యూఈఎఫ్ఐ ఫోరం వారి పద్ధతి పాత బయాస్ స్థానంలోకి వచ్చింది. దానివల్ల లాభాలు చాలా ఉన్నాయి. డిస్కుల పరిమాణం పెరిగింది, భద్రత పెరిగింది, వేగం పెరిగింది. కానీ యంత్రం లేవకపోతే మామూలు మనిషికి మిగిలేది నల్ల తెర ఒక్కటే. ఇటీవలి కొన్ని మదర్‌బోర్డుల్లో ప్రాసెసరు, జ్ఞాపకం, తెర, డిస్కు అని నాలుగు చిన్న దీపాలు పెడుతున్నారు. ఏ దీపం వెలిగి ఆగిపోతే లోపం అక్కడ. ఆల్టెయిర్ ఎర్ర దీపాలు తిరిగి వచ్చినట్టు నాకు సంతోషమనిపిస్తుంది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలు వల్ల ప్రపంచవ్యాప్తంగా విండోస్ యంత్రాలు లేవకుండా పోయాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం వాటి సంఖ్య సుమారు 85 లక్షలు. హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ యంత్రాల్లో విద్యుత్తు బాగుంది, జ్ఞాపకం బాగుంది, తెర వెలిగింది. చిట్టచివరి మెట్టు మీద, విండోస్ లేచే చోట, పడిపోయాయి. మందు ఏమిటంటే సేఫ్ మోడ్‌లో లేపి ఒక్క ఫైలు చెరిపెయ్యడం. అయితే చాలా చోట్ల ఎవరో ఒకరు ప్రతి యంత్రం ముందుకూ వెళ్ళి కూర్చోవలసి వచ్చింది. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే మందు చిన్నదే.

మళ్ళీ మా ఇంటికి

ఇక 2007 మే ఉదయానికి వద్దాం. నా "సరే"ను ఆపింది మా పక్కింట్లో ఉండే పదవీ విరమణ చేసిన టెలిఫోను ఇంజనీరు గారు. గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. "బోర్డు పోతే డిస్కు ఎందుకు ఇచ్చేస్తావయ్యా? బోర్డు వేరు, డిస్కు వేరు. బీరువా తాళం పాడైతే లోపలి పట్టుచీరలు కూడా అమ్ముకుంటామా?" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. మా నాన్నగారి మాటలను పదిహేను వందలకు అమ్మబోయింది ఏ వైరసో కాదు, నా అజ్ఞానమే.

కుర్రాణ్ణి పంపించేశాక ఆయన ప్లగ్గు తీయించి, పెట్టె మూత విప్పించారు. ముందుగా ఇనుప చట్రాన్ని తాకమన్నారు, ఒంటి మీది స్థిరవిద్యుత్తు పోవడానికి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పవద్దన్నారు, ప్లగ్గు తీశాక కూడా అందులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలవ ఉంటుంది కాబట్టి. కెపాసిటర్ల తలలు చదునుగానే ఉన్నాయి. "దీనికి గొంతు లేదే" అంటూ వాళ్ళింటికి వెళ్ళి, ఏదో పాత పెట్టె నుంచి ఊడదీసిన చిన్న స్పీకరు తెచ్చి తగిలించారు. మళ్ళీ మీట నొక్కాను. ఒక పొడుగు కూత. ఆగి మరొకటి. ఆగి మరొకటి.

ఆ కూత విని ఆయన నవ్వారు. "బతికే ఉంది. అరుస్తోందంటే విద్యుత్తు అందింది, ప్రాసెసరు లేచింది, బయాస్ చదువుకుంటోంది. జ్ఞాపకం దగ్గర ఆగింది." మళ్ళీ ప్లగ్గు తీయించి రామ్ కార్డు బయటికి తీశారు. మా అమ్మాయి పెన్సిలు రబ్బరుతో దాని బంగారు పళ్ళను మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, టక్కుమనేదాకా నొక్కి పెట్టారు. ఈసారి వినబడింది ఒక్కటే పొట్టి కూత.

ఆ ఒక్క కూతను ఇరవైయ్యారేళ్ళ ముందు బోకా రాటన్‌లో ఎవరో కొందరు, ముక్కూ మొహం తెలియని నాబోటివాడి కోసం ఆలోచించి పెట్టారన్న సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. తెర వెలగకపోయినా తన బాధ చెప్పుకోగలగాలి అనుకున్నారు వాళ్ళు. యంత్రం లేచే క్రమమే వైద్యానికి కూడా క్రమం. ముందు విద్యుత్తు, తర్వాత ప్రాసెసరూ బయాస్, ఆ తర్వాత జ్ఞాపకం, తెర, డిస్కు, చివరికి విండోసో లినక్సో. ఎక్కడిదాకా వచ్చిందో గమనిస్తే దానికి ముందున్నవన్నీ బాగున్నట్టే. దాని తర్వాతి మెట్టు దగ్గర వెతకాలి. ఫ్యాను కూడా తిరగకపోతే గోడ ప్లగ్గూ ఎస్ఎంపీఎస్. ఫ్యాను తిరిగి కూత లేకపోతే వోల్టేజీలూ మదర్‌బోర్డూ. కూత ఉంటే దాని అర్థం. అక్షరాలు కనబడి ఆగితే డిస్కు. ఇంతే ఈ శాస్త్రం.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా నూటనలభై పేజీలనూ రెండు సీడీల మీదికి ఎక్కించాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి పక్కింట్లో. ఇంజనీరు గారు ఇప్పుడు లేరు. ఆయన ఇచ్చిన స్పీకరును మాత్రం మారిన ప్రతి కంప్యూటరుకూ వెతికి తగిలిస్తూ వచ్చాను. రోజూ పొద్దున్నే ఒక్క పొట్టి కూత వినబడుతుంది. ఇంట్లోవాళ్ళకు చిరాకే, నాకు మాత్రం అది వినబడందే కాఫీ రుచించదు.

ఇది చదివిన మీరు ఇవాళే మీ వ్రాతలకు ఒక నకలు తీసి మరోచోట పెట్టుకుంటే, నేను ఇంతసేపు వ్రాసినందుకు ఫలితం దక్కినట్టే.